నోరు జారిన వేళ

మీ ఇళ్లలోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది. 2015 జూలైలో 'బాహుబలి' చూసొచ్చినప్పటి నుంచీ మా అత్తమ్మకు ఒకటే ఆరాటం, కట్టప్ప ఎందుకు చంపాడని! రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. అప్పుడు మా వర్గల్‌లో యాసంగి వరికోతలు. వడ్లు అమ్మినాక గజ్వేల్ పోయి చూద్దామంది. ఈలోగా పెళ్లికని హైదరాబాద్ వెళ్లిన నేను అక్కడే చూసేశాను. వచ్చి ఊరుకున్నానా? గోడ అవతలి వదినకు కారణమంతా చెప్పేశాను. (ఇక్కడ రాయను లెండి, మీలో చూడనివారు ఉంటారు.) వెనక్కి తిరిగితే అత్తమ్మ, చేతిలో చింతపండు గిన్నెతో.

"రెండేండ్లు ఆగిన బిడ్డా, ఇంకో వారం నువ్వు ఆగలేకపోతివా?" అంది, అంతే. సినిమాకు రానంది. బతిమాలి తీసుకెళ్లాను. ఆ సీను రాగానే తెర వంక కాదు, నా వంక చూసింది.

ఇప్పుడు సీరియల్ సంగతైనా సరే, "చూసినవా అత్తమ్మా?" అని అడిగాకే నోరు విప్పుతాను.