ఏటికొప్పాకలో ఒక వీడియో మీటింగు

జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు దగ్గర దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. నేను వెళ్లింది ఒక చిన్న పనిశాలలో వారం వారం జరిగే వీడియో మీటింగు చూడ్డానికి. అందులో మనుషులతో పాటు ఏఐ సహాయకుడు కూడా కూర్చుంటాడని విని, ఏం చేస్తాడో చూద్దామనిపించింది.

పనిశాల అంటే రేకుల కప్పు కింద వరసగా లేత్ మిషన్లు, గోడ వారన ఆరబెట్టిన అంకుడు కర్ర దుంగలు, గట్టు మీద లక్క కడ్డీలు. అంకుడు మెత్తని కర్ర, ఉలికి లొంగుతుంది. తిరుగుతున్న చెక్కకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ మీద ఎండిన మొగలి రేకుతో అదిమితే మెరుపొస్తుంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ వన్నె తీస్తారు.

మీటింగు ఉదయం ఏడున్నరకు. డాలస్‌లో అప్పుడు ముందు రోజు రాత్రి తొమ్మిది. అక్కడ ఒకావిడ తెలుగువాళ్ల ఇళ్లకు బొమ్మలు తెప్పించి అమ్ముతున్నారు. హైదరాబాద్ నుంచి ఒక డిజైనర్ అమ్మాయి. ఇక్కడ పనిశాలలో పెద్దాయన, ఆయన కోడలు. ఫోనును దుంగకు ఆనించి నిలబెట్టేది, మ్యూట్ తీసేది, పెట్టేది కోడలే. ఆ రోజు మీటింగు అవసరం ఏమిటంటే, అమెరికాలో ఉండేవాళ్లు సూట్‌కేసులో పట్టుకెళ్లగలిగిన చిన్న బొమ్మల కొలువు తయారుచేయాలి.

2023 నుంచి జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, తర్వాత గూగుల్ మీట్ ఇలాంటి సహాయకులను మీటింగుల్లోకి తెచ్చాయి. మాటలు విని రాసుకోవడం, సారాంశం ఇవ్వడం, ఎవరు ఏ పని ఒప్పుకున్నారో పట్టిక వేయడం వాటి మామూలు పని. అడిగితే ఐడియాలూ చెబుతాయి. ఈ బృందం మాత్రం ఆ చివరి పనికి ఒక గీత గీసుకుంది. మొదటి అరగంట యంత్రాన్ని ఎవరూ ఏమీ అడగకూడదు. అది వింటుంది, రాస్తుంది, అంతే.

అంతకన్నా ముఖ్యమైన నియమం మీటింగుకు ముందు రోజుది. ఎవరి ఆలోచనలు వాళ్లు విడిగా తయారు చేసుకోవాలి. డిజైనర్ బొమ్మ గీసి పంపుతుంది, పెద్దాయన వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుతారు. ఒకరిది ఒకరు ముందే చూడరు, వినరు. దీని వెనక పాత చర్చే ఉంది. నలుగురూ కూర్చుని ఏది తోస్తే అది చెప్పే పద్ధతిని అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్బర్న్ 1953లో ‘అప్లైడ్ ఇమాజినేషన్’ పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె అనే పరిశోధకులు పరీక్షించి చూస్తే, అంతే మంది విడివిడిగా కూర్చుంటేనే ఎక్కువ ఆలోచనలు పుట్టాయి. ఒకరు మాట్లాడుతున్నంత సేపూ మిగిలినవాళ్లు ఆగాలి, ఆగేలోపు తోచింది జారిపోతుంది. వీడియో మీటింగులో ఇది ఇంకా ఎక్కువ. ఇద్దరి గొంతులు కలిస్తే ఎవరి మాటా వినబడదు కాబట్టి అందరూ వంతు కోసం చూస్తారు. మాటకారి గెలుస్తాడు, మొహమాటస్తుడు ఊరుకుంటాడు.

“మా మావయ్య మైకు చూస్తే మాట్లాడ్రండి. ఒక్కడే కూకుంటే మాత్రం ఆగడు” అంది కోడలు. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

మీటింగు మొదలైంది. డాలస్ ఆవిడ మడత పెట్టే మెట్లు కావాలన్నారు. డిజైనర్ అమ్మాయి పలకలతో చేసిన మూడు మెట్ల నమూనా తెర మీద చూపించింది. మధ్యలో పెద్దాయన మెల్లగా, “మెట్లు ఎందుకమ్మా, డబ్బాయే మెట్టు” అన్నారు. అదే సమయానికి డాలస్ నుంచి ధర సంగతి వచ్చింది. మాట అటు పోయింది. కస్టమ్స్, బరువు, ప్యాకింగ్ మీద చాలాసేపు నడిచింది. నేను కూడా ఆ మాటను పట్టించుకోలేదు, పక్కనే కూర్చున్నా.

అరగంట అయ్యాక డిజైనర్ సహాయకుణ్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఇప్పటిదాకా ఎవరో ఒకరు చెప్పి, ఎవరూ బదులివ్వని మాటలు ఏవి?” జవాబుగా మూడు వాక్యాలు వచ్చాయి. రెండు పనికిరానివి. మూడోది: ‘డబ్బాయే మెట్టు అని ఏటికొప్పాక నుంచి అన్నారు, దీనిపై చర్చ జరగలేదు.’

“అదేంటో చెప్పండి బాబాయ్ గారూ” అంది ఆ అమ్మాయి. ఆయన లేచి గట్టు మీద నుంచి మూడు కుంకుమ బరిణెలు తెచ్చారు. ఒకదాంట్లో ఒకటి పట్టేవి. వాటిని బోర్లించి, పెద్దది కింద, చిన్నది పైన నిలబెట్టారు. గుండ్రటి మూడు అంతస్తుల కొలువు తయారైంది. బొమ్మలన్నీ లోపలి డబ్బాలో సర్దుకుని, మూడూ కలిపి ఒకటిగా మూత వేసుకుని తీసుకెళ్లొచ్చు. మెట్ల సంఖ్య బేసి ఉండాలన్న ఆచారమూ నిలిచింది. “దుంగ ఎంత లావుంటే పెద్ద డబ్బా అంతే. అంతకన్నా ఎడల్పు అడగొద్దు” అని హద్దు కూడా ఆయనే చెప్పారు. డాలస్ ఆవిడ ధర సంగతి మరిచిపోయి కొలతలు అడగడం మొదలుపెట్టారు.

ఆలోచన యంత్రానిది కాదు. పనిశాలలో పుట్టినదే, కాకపోతే మాటల రద్దీలో పోబోయింది. పోకుండా పట్టుకోవడమే ఆ పూట యంత్రం చేసిన మేలు.

ఆ తర్వాత దాన్నే ఐడియాలు అడిగారు. ఇరవై దాకా గబగబా ఇచ్చింది. తామరపువ్వు, నెమలి, ఏనుగు, ఎడ్లబండి, గుడి గోపురం. ఏ హస్తకళ గురించి అడిగినా వచ్చే జాబితాలా ఉంది. అది గీసి ఇచ్చిన ఏనుగుకు సన్నటి దంతాలు, పలకల అంబారీ. పెద్దాయన చూసి, “లేత్ మీద తిరిగే ముక్కలు చేసి అతికించాల. ఇందులో తిరిగేది ఏటుంది?” అన్నారు. అనిల్ దోషి, ఆలివర్ హౌజర్ 2024లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన గుర్తొచ్చింది. ఏఐ ఆలోచనలు తీసుకుని కథ రాసినవాళ్ల కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గా ఉన్నాయట, పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి పోలి ఉన్నాయట. కళాకారుడికి ఇది చిన్న సంగతి కాదు. బజారులో బొమ్మ అమ్ముడయ్యేది పక్క కొట్టులో లేనందుకే.

అయినా ఆ జాబితాను పూర్తిగా పారేయలేదు. “వద్దు అనడానికైనా ఒకటి ఎదురుండాలి కదా, ఏది వద్దో తెలిస్తే ఏది కావాలో తెలుస్తుంది” అన్నారు డాలస్ ఆవిడ. ఆ ఇరవైలోంచి ఎడ్లబండి ఒక్కటి నిలిచింది, చక్రాలు ఎలాగూ లేత్ మీదే పుడతాయి కాబట్టి.

మరో సంగతి గమనించాను. మాట నడుస్తున్నంతసేపూ కోడలు ఫోను కెమెరాను మనుషుల ముఖాల మీద ఉంచలేదు. లేత్ వైపు, గట్టు వైపు తిప్పుతూనే ఉంది. మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ 2022లో ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసానికి ఇది సరిగ్గా సరిపోతుంది. మన దేశంతో సహా 5 దేశాల ఇంజనీర్ల మీద జరిగిన పరిశీలన అది. వీడియోలో కలిసిన జంటలకు ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకన్నా తక్కువ ఆలోచనలు వచ్చాయి. చూపు తెరకే అంటుకుపోతే ఆలోచన కూడా ఇరుకవుతుందని వాళ్లు తేల్చారు. ఉన్నవాటిలోంచి మంచిది ఎంచుకోవడంలో మాత్రం వీడియో వాళ్లు వెనకబడలేదు. అంటే ఆలోచనలు పుట్టించడం విడిగా, ఎంచుకోవడం తెర మీద. వీళ్ల పద్ధతి దాదాపు అదే.

లోపాలూ చూశాను. తెలుగు, ఇంగ్లిషు కలిసిన మాటను, అందులోనూ ఉత్తరాంధ్ర యాసను ఆ యంత్రం తడబడుతూ వింటుంది. అంకుడును అంకుల్ అని రాసింది. అంకుడు, బరిణె, మొగలి రేకు వంటి మాటల పట్టికను ముందే ఇవ్వడం మొదలుపెట్టాక తప్పులు తగ్గాయని డిజైనర్ చెప్పింది. ఇంకో చిక్కు పేర్లది. పనిశాలలో ఫోను ఒకటే కాబట్టి మామ చెప్పినా కోడలు చెప్పినా ఒకే పేరు మీద రాస్తుంది. ఎవరి ఆలోచన ఎవరిదో తేలకపోతే రేపు ఆ డిజైన్ కింద ఎవరి పేరు వేయాలి? అందుకని మాట్లాడేముందు పేరు చెప్పుకునే అలవాటు చేసుకున్నారు. చివర్లో సారాంశాన్ని పైకి చదివి, అందరూ సరేనన్నాకే ఖాయం చేస్తున్నారు. తర్వాత దాన్ని తెలుగులో గొంతుగా మార్చి పంపుతారు. పొడవాటి రాత చదివే ఓపిక పనిలో ఉన్నవాళ్లకు ఉండదు.

నీలి లక్క సంగతి వచ్చినప్పుడు పెద్దాయన చెయ్యి ఎత్తారు. కోడలు వెంటనే రికార్డింగు ఆపించింది. రంగు పాళ్లు ఇంటి విద్య. ఆ మాటలు ఎక్కడి సర్వర్లో నిలవుంటాయో, దేనికి వాడతారో తేలేదాకా యంత్రం వినడానికి వీల్లేదని వాళ్ల నియమం. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది కాపాడేది వ్యక్తుల వివరాలను. తరాల చేతిపని రహస్యాన్ని కాపాడుకోవాల్సింది ఆ చేతులే.

అన్నీ చూశాక నాకు తేలింది ఒకటే. ఆన్‌లైన్ బృందానికి ఏఐ పనికొస్తుంది, గుమాస్తాగా. అందరి మాటా రాసిపెట్టే గుమాస్తా, వినబడని మాటను మళ్లీ బల్ల మీద పెట్టే గుమాస్తా. దాన్ని మొదటి వక్తగా కూర్చోబెడితే అందరూ దాని జాబితా చుట్టూనే తిరుగుతారు, ‘డబ్బాయే మెట్టు’ లాంటి మాట అసలు పుట్టదు. కథల బృందమైనా, నాటక సమాజమైనా, బడి పత్రికైనా మీరు ఇలాంటి మీటింగు పెట్టుకుంటే ముందు ఎవరి ఆలోచన వాళ్లు విడిగా రాసుకోండి. సగం మీటింగు అయ్యాకే యంత్రాన్ని అడగండి. ఐడియా అడిగేముందు, మనం వినిపించుకోని మాట ఏదో అడగండి. సారాంశాన్ని అందరి ముందూ చదవండి. రహస్యం వస్తే ఆపేయండి. వీటిలో ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు.