మూడు పెడళ్ళు – రెండు కాళ్ళు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో, కలమజూ పట్టణానికి ఈశాన్యంగా హికరీ కార్నర్స్ అనే పల్లె ఉంది. ఊరు చిన్నదేగాని, 1966లో అక్కడ తెరిచిన గిల్మోర్ కార్ మ్యూజియం చాలా పెద్దది. పచ్చిక మధ్య పెద్ద పెద్ద కొట్టాలు, వాటినిండా పాత కార్లు. అందరూ చూడడానికి వెళతారు. నేను నడపడానికి వెళ్ళాను. ఫోర్డువారి మోడల్ టి కారు నడపడం అక్కడ నేర్పుతారు.

"ముప్ఫయ్యేళ్ళు అంబాసిడర్ నడిపినవాణ్ణి. నాకొకరు నేర్పాలా?" అన్నాను.

"మీ ధైర్యం చూస్తేనే నాకు భయమండీ" అని మా ఆవిడ బెంచీమీద కూర్చుండిపోయింది.

ఆమె భయం ఊరికే పోలేదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఆ బండికి మూడు పెడళ్ళున్నాయి. చూడడానికి మనవాటిలాగే ఉంటాయి. చేసే పనులు వేరు. ఎడమది పూర్తిగా తొక్కితే కింది గేరు, వదిలేస్తే పై గేరు, సగంలో నిలిపితే న్యూట్రల్. నడిమిది బండిని వెనక్కి నడిపిస్తుంది. బ్రేకు కుడివైపు. మరి యాక్సిలరేటరో? స్టీరింగు కింద చిన్న మీట, చేత్తో లాగాలి!

అసలు గేర్లెందుకంటారా? బరువుబండి మిట్ట ఎక్కేటప్పుడు ఎడ్లు చిన్న అడుగులు వేస్తాయి చూడండి, అదే సూత్రం. ఇంజను చాలాసార్లు తిరిగి చక్రాన్ని కొద్దిగా తిప్పితే బలం హెచ్చుతుంది. మోడల్ టిలో పళ్ళచక్రాలు సూర్యుడి చుట్టూ గ్రహాల్లా, ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. పెడలు తొక్కగానే ఒక పట్టీ బిగిసి, లోపల తిరిగే డోలును ఆపుతుంది. ఏ డోలు ఆగితే ఆ గేరు.

"మీ కాళ్ళకు తెలిసిందంతా కాసేపు మరిచిపొండి" అన్నారు నేర్పే పెద్దాయన.

తల మరిచింది, కాళ్ళు మరవలేదు. మలుపు దగ్గర ఆపబోయి, అలవాటుకొద్దీ ఎడమకాలు గట్టిగా నొక్కాను. బండి ఆగకపోగా కంచెమీదికి నడిచింది! కుడికాలు బ్రేకుకోసం నడిమి పెడలు దగ్గర తచ్చాడుతోంది. పెద్దాయన చప్పున స్విచ్చి తిప్పి ఇంజను ఆపేశారు. కంచె రెండడుగుల దూరంలో ఉంది. నాకు చెమటలు పట్టాయి.

"కాసేపు తిరిగి రండి" అన్నారాయన నవ్వుతూ.

ఆ ఆవరణలోనే మోడల్ ఎ కార్లకు వేరే భవనం ఉంది. 1927 చివరనుంచి 1931 దాకా వచ్చిన ఆ కారులో మూడు గేర్లు, నేలమీద కర్ర. అందులో పళ్ళు జరిగి కలుసుకోవాలి. వేగాలు సరిపడకపోతే గరగరమంటాయి. కింది గేరుకు దిగాలంటే రెండుసార్లు క్లచ్చి తొక్కి, మధ్యలో ఇంజను వేగం పెంచాలి. ఆ బాధ తీర్చింది కాడిలాక్. వారి కార్లకూ అక్కడొక భవనం ఉంది. 1928లో వారు తెచ్చిన సింక్రోమెష్‌లో, పళ్ళు కలిసే ముందే కోనులు రాసుకుని రెండు వేగాలనూ సమం చేస్తాయి. 1930ల చివర గేరు కర్ర స్టీరింగు పక్కకు ఎక్కి, ముందు సీట్లో మూడోవాడికి చోటిచ్చింది. మా అంబాసిడర్ కర్రా అక్కడే ఉండేది. దాన్ని చూడగానే చుట్టం కనిపించినట్టయింది.

తిరిగివచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ప్రతి పనికీ ముందు దాని పేరు పైకి చెప్పుకున్నాను: "ఎడమ, సగం. కుడి, బ్రేకు." మలుపు దగ్గర బండి బుద్ధిగా ఆగింది. మూడో చుట్టుకు మా ఆవిడ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఏమీ అనలేదు, అంతకంటే మెప్పు ఏముంటుంది?

సాయంత్రం మా అబ్బాయి కారెక్కాం. అది ఆటోమాటిక్. ఎడమకాలికి పనే లేదు. అయినా, వాడు బ్రేకు వేసినప్పుడల్లా నా ఎడమకాలు నేలమీద సగందాకా నొక్కి ఆగుతూనే ఉంది.