శివారు గది

నాన్న ఆరు నెలలు మాతో ఉండటానికి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చినప్పుడు మేడమీద చివరి గది ఆయనకిచ్చాం. గాలీ వెలుతురూ బాగుంటాయి, పిల్లల గోల వినపడదు. ఒక్కటే లోటు. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి, అంటే ఊళ్ళో పొద్దున్న ఆరున్నరకి, అమ్మకి వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోయేది. “వినపడట్లేదండీ, మళ్ళీ చెయ్యండి” అని అమ్మ అటునుంచి అంటూనే ఉండేది. అదే కాల్ నేను కింద హాల్లోంచి చేస్తే ఆమె వెనకాల తులసికోట ఆకులు కూడా కనపడేవి.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. మీకున్న 300 ఎంబీపీఎస్ చాలదు, గిగాబిట్ ప్లాన్‌కి మారండన్నారు. నెలకి 35 డాలర్లు ఎక్కువ. మారాం. చివరి గదిలో మాత్రం ఏ మార్పూ లేదు.

నాన్న దివిసీమ రైతు. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు కాలువ పట్టుకుని చిట్టచివరికి చేరే చోట మా చేలున్నాయి. శివారు భూములంటే ఏమిటో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కంపెనీవాళ్ళ మాట చెబితే విని, “కాలువ నిండా నీళ్ళున్నా శివారు చేను ఎండుతుందిరా. నువ్వు పైనుంచి నీళ్ళు ఎక్కువ వదిలించావు. మధ్యలో ఎక్కడ పోతున్నాయో గట్టెంట నడిచి చూశావా?” అన్నారు.

ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లతోనే బతుకుతున్న నాకు ఆ మాట సూటిగా తగిలింది. ఆ శనివారం లాప్‌టాప్ పట్టుకుని గట్టు నడిచాం. మోడెమ్‌కి నేరుగా తీగ తగిలించి కొలిస్తే 940. రౌటర్ పక్కన నిలబడి వైఫైలో కొలిస్తే 400 పైచిలుకు. నాన్న గదిలో 12. కంపెనీ ఇస్తానన్నది ఇస్తూనే ఉంది. పోయేదంతా మా గోడల్లోనే పోతోంది. మా వైఫై రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తువ తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం వెళుతుంది గానీ నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. కింద మూలనున్న రౌటర్‌కీ మేడమీద చివరి గదికీ మధ్యలో ఫ్రిజ్, బాత్రూమ్ పలకలు, రెండు గోడలు, పైఅంతస్తు చెక్క నేల. 12 వచ్చిందంటే అదే ఎక్కువ.

కొత్త తీగలు లాగడానికి ఒకాయన 650 డాలర్లు అడిగారు. ఆలోచిస్తూ ఉండగా నాన్న మంచం పక్కన గోడలో చిన్న సాకెట్ చూపించి “ఇదేంటి?” అన్నారు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌ది. మేము ఒక్కసారి కూడా వాడలేదు. మూత విప్పితే లోపల నీలం తీగ, దాని ఒంటిమీద ‘క్యాట్ 5ఇ’ అని అచ్చు. మా ఇల్లు 2005లో కట్టింది. ఆ కాలంలో ఇక్కడ చాలామంది బిల్డర్లు ఫోన్ల కోసం కూడా ఈ రకం తీగే వేశారు. ఫోన్‌కి అందులో రెండు పోగులు చాలు. ఎనిమిదీ కలిపితే 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తుంది. ప్రతి గది నుంచీ విడిగా వచ్చిన తీగలన్నీ అల్మరాలోని రేకు పెట్టెలో కలుస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా మా గోడల్లో పిల్లకాలువలు తవ్వే ఉన్నాయి. తూములు తెరవలేదంతే.

ప్లగ్గులు, సాకెట్లు, వాటిని బిగించే పనిముట్లు, పరీక్షించే చిన్న పరికరం కలిపి 45 డాలర్లు. ఆ తీగలన్నిటినీ కలిపే ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ 25. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్లగ్గులో పోగులు ఉండాల్సిన వరస ఇది. నాన్న ఎక్కం చదివినట్టు పైకి చదువుతుంటే నేను ఒక్కో పోగునూ సర్ది బిగించాను. మూలపడున్న పాత రౌటర్‌ని మేడమీద పెట్టి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పనిని అందులో ఆపేసి, కింది వైఫై పేరూ పాస్‌వర్డూ దానికీ ఇచ్చాం. ఆ రాత్రి నాన్న గదిలో 310 వచ్చింది. అమ్మ ఆయన్ని చూసి “చిక్కారు” అంది.

ఆ తర్వాత ఇంటి అవసరం ఎంతో కూర్చుని లెక్క కట్టాను. 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. వీడియో మీటింగుకి నాలుగు చాలు. మేమందరం ఒకేసారి కూర్చున్నా 60 దాటదు. మళ్ళీ 300 ప్లాన్‌కి వచ్చేశాం. ఏడాదికి 420 డాలర్లు మిగిలాయి. బిల్లులో ఇంకో గీత ఉంది: మోడెమ్ అద్దె నెలకి 15. కంపెనీ ఆమోదించిన జాబితా చూసి డాక్సిస్ 3.1 రకం కేబుల్ మోడెమ్ 160 డాలర్లకి కొన్నాను. పదకొండు నెలల్లో దాని ధర వచ్చేసింది. వినియోగదారుడు సొంత పరికరం పెట్టుకున్నాక కూడా అద్దె వసూలు చెయ్యకూడదని ఇక్కడ 2020 డిసెంబరు నుంచి చట్టం ఉంది. అద్దె మోడెమ్ తిరిగిచ్చేటప్పుడు మాత్రం రసీదు తీసుకుని భద్రంగా దాచాలి. ఫైబర్ లైనైతే గోడకి ఉండే పెట్టె కంపెనీదే, అది మార్చలేం. రౌటర్ మనది పెట్టుకోవచ్చో లేదో అడగాలి. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్లాన్ అమ్మే చోటే అసలు ధర, ఆఫర్ గడువు, అదనపు రుసుములు, వేగం ఒకే పట్టీ మీద చూపిస్తున్నాయి. సంతకం పెట్టేముందు అది చదవడానికి రెండు నిమిషాలు చాలు.

ఈ సంగతి తెలిసి, ఇర్వింగ్‌లో చిన్న టాక్స్ ఆఫీసు నడిపే అక్క పిలిచింది. “తమ్ముడూ, నాలుగు టేబుళ్ళకి ఇంత బిల్లేంటి?” అని కాగితాలు ముందు పెట్టింది. మోడెమ్ అద్దె, వైఫై చూసుకున్నందుకు నెలవారీ రుసుము, ఎవరూ వాడని స్టాటిక్ ఐపీ చిరునామా. మూడూ తీసేయించాం. కదలని కంప్యూటర్లకీ ప్రింటర్‌కీ తీగ వేశాం. వైఫై ఫోన్లకే మిగిలింది.

అక్కడే నేను ఖర్చు పెట్టించినవీ ఉన్నాయి. ఏసీ గాలి తిరిగే సీలింగ్ పైభాగంలో మామూలు తీగ వెయ్యకూడదు. అంటుకుంటే పొగ ఏసీ దారుల్లోంచి గదులన్నిటికీ పాకుతుంది. పొగ తక్కువొచ్చే ప్లీనమ్ రకమే వెయ్యాలి, అది ఖరీదైనదే. చవకగా దొరికే కొన్ని తీగల్లో ఉండేది రాగి పూసిన అల్యూమినియం. అవి ప్రమాణాలకి నిలబడవు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన పాత రౌటర్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ ఆఫీసులో వందలమంది సోషల్ సెక్యూరిటీ నంబర్లున్నాయి. టాక్సులు చేసేవాళ్ళు ఖాతాదారుల సమాచారాన్ని ఎలా కాపాడతారో రాతపూర్వకంగా ప్రణాళిక పెట్టుకోవాలని ఇక్కడి నిబంధన. అందుకే వచ్చేపోయేవాళ్ళకి వైఫై వేరు చేశాం. టాక్సులు దాఖలు చేసే ఏప్రిల్ 15 గడువు ముందు లైను తెగితే పని ఆగకుండా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధం చేశాం.

మనవాళ్ళలో చాలామంది నెలనెలా మోడెమ్ అద్దెలాంటివి ఊరికే కడుతున్నారు. ఒక అపార్ట్‌మెంట్‌లో అయిదుగురిలో ఒకడిగా సర్దుకునే విద్యార్థికి 15 డాలర్లంటే వారం కూరగాయలు. అద్దె ఇంట్లో గోడకి కన్నం పెట్టక్కర్లేదు. గోడ అంచున సన్నని తీగ పరచుకోవచ్చు. గదిగదికీ టీవీ కేబుల్ ఉంటే మోకా అనే పరికరాల జతతో దాని మీదే నెట్ పంపొచ్చు. పొదుపంటే చవకవి కొనడం కాదు. కొనేముందు కొలవడం, ఉన్నదేదో చూసుకోవడం, భద్రత దగ్గర చెయ్యి బిగించకపోవడం.

నాన్న ఊరెళ్ళిన మూడో రోజు రాత్రి ఎనిమిదింటికి కాల్ వచ్చింది. మా ఊరింట్లో వెనక గదిలో ఎప్పుడూ నెట్ అందేది కాదు. ఆయన ఆ గదిలోంచే మాట్లాడుతున్నారు. కేబులబ్బాయి రౌటర్‌ని ఇనప బీరువా వెనకాల పెట్టి వెళ్ళాడట. కొత్త ప్లాన్ తీసుకుందామని అమ్మ అంటే, ఆగమని, ఫోన్ పట్టుకుని గది గదీ తిరిగి చూసి, రౌటర్‌ని అక్కణ్ణుంచి తీయించి నడవలో ఎత్తుగా పెట్టించారు.

“ఒక్క రూపాయి కాలేదురా” అన్నారు. ఆయన వెనకాల అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నవ్వుతోంది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.