ఆటలో అంగడి

ఆట మానవునకు సహజమైన ఆనందము. చెడుగుడు బరిలోనైనను, క్రికెట్ మైదానములోనైనను, చదరంగపు బల్లమీదనైనను ఆటగాండ్రందరును ఒకే నియమమునకు లోబడి దిగుదురు. బరి వెలుపల ఒకడు ధనికుడు, మరియొకడు పేద కావచ్చును. బరిలో మాత్రము కూత విడువక నిలిచినవాడే గెలుచును. గెలుపునకు తీపి కలిగించునది ఈ సమానత్వమే. ఈ సత్యము ఒక బాలునకు ఐదువందల రూపాయలు పోగొట్టుకొనిన పిమ్మట బోధపడెను.

ఆ బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వేసవి సెలవులకు అతడు పల్లెలోని అమ్మమ్మ యింటికి పోయెను. సాయంకాలమున అక్కడి పిల్లలు కోత ముగిసిన పొలములో క్రికెట్ ఆడుచుండిరి. వారి కందరకును ఉన్న బ్యాటు ఒక్కటే. దాని పిడి చీలి గుడ్డపీలికలతో కట్టబడి యుండెను. అది చూచి అమ్మమ్మ, పాలు అమ్మిన సొమ్ములోనుండి ఐదువందల రూపాయల నోటు తీసి, "బస్తీకి పోయినప్పుడు మంచి బ్యాటు కొనుక్కో, నాయనా! అందరూ ఆడుకోండి" అని అతని చేతిలో పెట్టెను.

ఎండవేళ పొలమునకు పోవ వీలులేదు గనుక బాలుడు మామయ్య ఫోనులో ఒక క్రికెట్ ఆట ఆడుచుండెను. దానికి వెల లేదు. బంతి వచ్చు వేగమును కనిపెట్టి, తగిన క్షణమున తెరపై వ్రేలు కదపవలెను. మొదటి దినములలో అది మిక్కిలి సరదాగా నుండెను. రెండుమారులు ఓడి మూడవమారు గెలిచినపుడు అతడు అరుగుమీదనుండి దుమికి కేకలు వేసెను.

వారము గడచునప్పటికి ఆట తీరు మారెను. మూడు పోటీలు ముగియగానే ఎనర్జీ అయిపోయినదనియు, రెండు గంటలు ఆగవలెననియు, ఆగలేనిచో జెమ్స్ చెల్లింపవలెననియు తెరపై కనబడుచుండెను. ఎదుటి జట్టులో 90 దాటిన అంకెగల ఆటగాండ్రు నిండియుండిరి. ఇతని జట్టులో 70 దాటినవాడు ఒక్కడును లేడు. ఎంత నేర్పుతో కొట్టినను బంతి హద్దు చేరకుండెను. మేటి ఆటగాడు కావలెనన్నచో కార్డుల ప్యాకెట్టు కొనవలెను. అందులో ఎవరున్నారో విప్పువరకు తెలియదు.

బాలుడు రెండు దినములు తటపటాయించెను. మూడవనాడు ఆ నోటును మామయ్యకిచ్చి, ఆయన ఫోనునుండి సొమ్ము చెల్లింపజేసి జెమ్స్ కొనెను. మామయ్య పనితొందరలో కారణమడుగలేదు. మొదటి ప్యాకెట్టులో తనకున్న ఆటగాండ్రే మరల వచ్చిరి. రెండవదానిలోను అంతే. చివరిదానిలో మెరుపుల నడుమ ఒక మేటి బ్యాట్స్‌మన్ వెలువడెను. ఆ మధ్యాహ్నము బాలుడు వరుసగా గెలువసాగెను.

ప్రక్కనున్న పొరుగింటి పిల్లవాడు "ఒక్కసారి నన్ను ఆడనీయవా?" అని యడిగెను. వాడు ఆ యాటను ఎన్నడును ఆడి యెరుగడు. తెరపై వ్రేలు ఎచ్చట నుంచవలెనో కూడ తెలియక తడబడెను. అయినను వాడును గెలిచెను! పిల్లవాడు సంతోషముతో చప్పట్లు చరచెను గాని బాలుని ముఖము చిన్నబోయెను. ఉదయమునుండి తాను గెలిచిన గెలుపులు ఎవరివో అతనికి అప్పుడు తెలిసెను.

ఇట్టి యాటలు ఎట్లు పుట్టినవి? వాటిని తయారుచేయువారికి జీతములు కావలెను. వారు సొమ్ము కోరుట తప్పుగాదు. పూర్వము ఆటను ఒకమారు వెలకట్టి అమ్మెడివారు. 2009లో యాపిల్ సంస్థ, వెల లేని ఆటల లోపల కూడ వస్తువులు అమ్ముకొనుటకు అనుమతించెను. అటుపిమ్మట ద్వారము ఉచితమై, అంగడి లోపలికి చేరెను. రియల్ రేసింగ్ అను కారు పందెముల ఆట ఇందుకు చక్కని ఉదాహరణము. దాని మొదటి రెండు భాగములు వెలకు అమ్మబడినవి. 2013లో మూడవ భాగము ఉచితముగా వచ్చెను. అందులో కొన్ని పందెములు కాగానే కారును మరమ్మతు చేయింపవలసి యుండెను. అది ముగియువరకు నిజమైన గడియారము ప్రకారము వేచియుండవలసి వచ్చెను, లేదా బంగారు నాణెములు చెల్లింపవలసి వచ్చెను. పందెములోని కష్టము మలుపు తిప్పుటలో నున్నది. ఈ నిరీక్షణము మాత్రము అమ్ముటకై కల్పింపబడిన కష్టము.

ప్యాకెట్టులోని ఆకర్షణ మరియొక విధమైనది. అమెరికా శాస్త్రజ్ఞులైన ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనువారు పావురములపై జరిపిన ప్రయోగములను 1957లో గ్రంథముగా ప్రకటించిరి. ఎన్ని పోట్లకు గింజ పడునో తెలియనపుడు పావురము విసుగులేక పొడుచుచునే యుండును. విప్పిన ప్యాకెట్టు వట్టిదైనపుడు ఇంకొకటి విప్పవలెనని తోచుటయు ఇట్టిదే. ఫీఫా ఫుట్‌బాల్ ఆటలోని ఇట్టి ప్యాకెట్లను సొమ్మునకు అమ్ముట జూదమేయని 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము తీర్మానించెను. మరుసటి సంవత్సరము ఆ దేశములో వాటికై సొమ్ము పుచ్చుకొనుట నిలిచిపోయెను.

ఉచితమైన ఆటలన్నియు ఇట్టివే యనుకొనరాదు. 2010లో ఫ్రాన్సు దేశీయుడైన తిబో డుప్లెస్సీ ప్రారంభించిన లీచెస్ అను చదరంగపు వేదిక విరాళములతో నడచుచున్నది. అందులో ప్రకటనలు లేవు. విరాళమిచ్చినవారి పేరుప్రక్కన చిన్న రెక్కల గుర్తు కనబడును. అంతకు మించి వారికి ఒక్క బంటైనను అధికముగా రాదు. కోటీశ్వరునకును కూలివాని బిడ్డకును అవే పదునారు పావులు. కాబట్టి దోషము ఉచితములోను లేదు, సొమ్ములోను లేదు. మైదానములో గెలుచుకొనవలసినదానిని అంగడిలో అమ్ముటయే దోషము.

ఆనాటి సాయంకాలము అమ్మమ్మ "బ్యాటు ఎప్పుడు తెచ్చెదవురా?" అని యడిగెను. రేపు తెచ్చెదనని చెప్పుట సులభమే. బాలుడు కొంతసేపు తలవంచుకొని, తుదకు జరిగినదంతయు చెప్పెను. అమ్మమ్మ ఫోను చేతిలోనికి తీసికొని ఆ మెరయు బొమ్మను చాలసేపు చూచెను.

"దీనిని పట్టుకొని పొలములో ఆడవచ్చునా?"

"లేదమ్మమ్మా."

"పోనీ, ఊరి పిల్లలందరూ ఆడుకొనుటకు వచ్చునా?"

అతడు బదులు చెప్పలేకపోయెను. అమ్మమ్మ కోపగింపలేదు, ఫోను అతని చేతికిచ్చి పాలు పితుకుటకు పోయెను. ఆ మౌనమే అతనిని మిక్కిలి బాధించెను.

మరునాడు బాలుడు పాత సైకిలు ట్యూబును సన్నని ముక్కలుగా కోసి, విరిగిన బ్యాటు పిడికి బిగించి చుట్టెను. సాయంకాలము దానితోనే ఆడెను. మొదట రెండుమారులు పరుగు తీయకయే వెనుదిరిగెను. మూడవమారు బంతి గట్టు దాటి పోయెను. అతడు బ్యాటును పైకెత్తి కేక వేసెను.

నెల గడచిన పిమ్మట ఫోనులోని ఆటలో కొత్త సీజన్ మొదలయ్యెను. ఇంకను పెద్ద అంకెలుగల ఆటగాండ్రు అంగడికి వచ్చిరి. ఐదువందలకు లభించిన మేటి బ్యాట్స్‌మన్ వారి నడుమ సామాన్యుడయ్యెను. గట్టు దాటిన ఆ బంతిని మాత్రము పల్లె పిల్లలు చాలకాలము చెప్పుకొనుచుండిరి. కొనిన బలము కొత్త సరకు వచ్చువరకే నిలుచును. ఓడి నేర్చిన ఆట మాత్రము ఆటగానిని విడిచిపోదు.