ఆ పన్నెండు తీగలు

నాకొక జాడ్యం ఉన్నది. ఎవరైనా మర్యాదకు "మంచి పాటలేమైనా వింటున్నారా?" అని అడిగితే చాలు, 'ట్రెస్‌పాస్' సంగతి ఎత్తుతాను. మా ఇంట్లో అందరికీ ఇది అనుభవమే. మా ఆవిడ పొయ్యిమీద పాలున్నాయంటూ లేచిపోతుంది. పిల్లలకు చదువుమీద హఠాత్తుగా శ్రద్ధ పుడుతుంది. పాఠకులు మాత్రం లేచి ఎక్కడికి పోగలరు? అంచేత చెబుతున్నాను.

ఇంగ్లండులో జెనెసిస్ అనే బ్యాండు ఉండేది. ఛార్టర్‌హౌస్ బడిలో చదువుకున్న నలుగురు కుర్రాళ్ళు దానికి మూలం. 1969లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డు ఎవరికీ పట్టలేదు. అయినా వదలక, డోర్కింగ్ దగ్గర పల్లెపట్టున ఒక చిన్న ఇంట్లో చేరి, చలికాలమంతా సాధన చేశారు. 1970 వేసవిలో లండనులోని ట్రైడెంట్ స్టూడియోలో ఆరు పాటలు రికార్డు చేశారు. అదే ట్రెస్‌పాస్. బెల్జియంలో బాగా అమ్ముడుపోయింది. సొంత దేశంలో మాత్రం పలకరించినవాడు లేడు.

తెలిసినవాళ్ళు దీన్ని పచ్చికాయ అంటారు. 1971లో, ఫిల్ కాలిన్స్ డ్రమ్ములు వాయించిన 'నర్సరీ క్రైమ్'తోనే అసలు జెనెసిస్ మొదలైందని వాదిస్తారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టెయ్యలేను. ఇందులో డ్రమ్ములకు పస తక్కువే. శబ్దం కూడా గోనెపట్టా చాటునుంచి వస్తున్నట్టుంటుంది. 'విజన్స్ ఆఫ్ ఏంజిల్స్' మధ్యలో నేనూ ఒకటి రెండుసార్లు కాఫీకి లేచాను.

కాని 'స్టాగ్నేషన్' మాటేమిటి? భూమి లోతున తనను తాను పాతిపెట్టుకుని, పైన లోకమంతా పోయినా తానొక్కడూ మిగిలిన ధనవంతుడి కథ అది. తొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ. ఆంథొనీ ఫిలిప్స్, మైక్ రూథర్‌ఫర్డ్ ఇద్దరూ పన్నెండు తీగల గిటార్లు పట్టుకుంటారు. మామూలు గిటారుకు ఆరు తీగలు. దీనిలో ప్రతి తీగకూ పక్కనే ఒక తోడు తీగ. కొన్ని జతలు ఒకే శ్రుతిలో పలుకుతాయి, కొన్నిటికి ఒక స్థాయి తేడా. అలాంటి గిటార్లు రెండూ కలిసి మోగుతుంటే తాటాకు పందిరిమీద సన్నటి జల్లు పడుతున్నట్టుంటుంది. ఆ జల్లు ఆ బ్యాండు తరువాతి రికార్డుల్లో నాకు మళ్ళీ వినిపించలేదు.

చివరి పాట 'ద నైఫ్' మాత్రం జల్లు కాదు, గాలివాన. గాంధీగారిని గురించిన పుస్తకమొకటి చదివి, హింసతో వచ్చిన విప్లవం కడకు ఒక నియంతనే గద్దెనెక్కిస్తుందని చూపడానికి పీటర్ గాబ్రియల్ రాశాడట. పాల్ వైట్‌హెడ్ అప్పటికే అట్టకు మెత్తటి బొమ్మ గీసి ఉంచాడు. ఈ పాట చేరాక ఆ బొమ్మ నప్పదన్నారు. ఆయన చాకు పుచ్చుకుని తన బొమ్మనే కోసేశాడు! ఆ కోతతోనే అట్ట అచ్చయింది.

ఇంతకూ నా జాడ్యానికి అసలు కారణం వేరు. ఈ పాటలు రికార్డయ్యేనాటికి ఆంథొనీ ఫిలిప్స్‌కు పద్దెనిమిదేళ్ళు. వేదిక ఎక్కాలంటే భయం పట్టుకుంది, ఒంట్లోనూ నలత. రికార్డు బజారుకు రాకముందే బ్యాండు వదిలేశాడు.

మా అక్కయ్య వీణ వాయించేది. తనకూ పద్దెనిమిదేళ్ళప్పుడే, మా ఊళ్ళో త్యాగరాజ ఉత్సవాలకు పేరిచ్చారు. వేదిక ఎక్కి కూర్చుంది. శ్రుతి చేసుకుంటూ, చేసుకుంటూ, ఒక్క స్వరమైనా వాయించకుండా లేచి వచ్చేసింది. నేను పదేళ్ళవాణ్ణి. వారం రోజులు "శ్రుతి కుదిరిందా అక్కయ్యా?" అని ఏడిపించాను. వీణమీద గుడ్డ కప్పేసింది. మళ్ళీ తియ్యలేదు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు స్టాగ్నేషన్ వినిపించాను. కథ ఏమీ చెప్పలేదు. "ఇంగ్లీషు పాట నాకేం తెలుస్తుందిరా" అంటూనే కళ్ళు మూసుకుంది. ఒళ్ళో కుడిచేతి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

"ఆ తీగలు వాయించే అబ్బాయెవరురా? ఎదుట ఎవరూ లేనట్టే వాయిస్తున్నాడు."

అప్పుడు చెప్పాను. అంతా విని, "మరి మానేశాడా?" అని అడిగింది.

"బ్యాండు మానేశాడు గాని వాయించడం మానలేదు. సంగీతం చదువుకున్నాడు. 1977లో 'ద గీస్ అండ్ ద గోస్ట్' అని సొంత రికార్డు వేశాడు. ఆ తరువాత ఇంకా చాలా చేశాడు."

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు.

"వాళ్ళింట్లో ఎవరూ నవ్వలేదు కాబోలు" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా అడగవలసిన క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది. ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

"ఏరా, అలా చూస్తావేం? మొదటినుంచి మళ్ళీ పెట్టు. ఆ డ్రమ్ములవాడు లేనంతవరకూ వింటాను" అన్నది.

డ్రమ్ముల సంగతి తనూ కనిపెట్టేసింది.