మా కళాయాత్ర

మా పాఠశాల వార్షికోత్సవమునకు ఈమాఱు సత్యహరిశ్చంద్ర నాటకమును ప్రదర్శింపవలెనని నిశ్చయమైన పిదపనే ఈ యాత్ర యోజన పుట్టినది. నాటకమన నేమో యెఱుగనివారు నాటకమాడుట యెట్లని మా తెలుగు పండితులవారు ప్రశ్నించిరి. చిత్రలేఖనోపాధ్యాయులవారు వంతపాడిరి. ప్రధానోపాధ్యాయులవారు సెలవొసగిరి. అట్లు 2024వ సంవత్సరము డిసెంబరు మాసమున, క్రిస్మస్ సెలవులకు ముందు, విద్యార్థులము ఇరువది నలుగురమును ఉపాధ్యాయులిద్దఱును ఏడు దినముల పర్యటనమునకు బయలుదేఱితిమి.

ఇందొక చిక్కున్నది, దానిని ముందుగనే చెప్పవలెను. మాది బాలుర పాఠశాల. చంద్రమతి వేషమునకు మా తరగతిలో మంచి కంఠమున్న మిత్రుడొకడు ఎన్నుకొనబడెను. అతడు రెండు దినములు ఊరకుండి, మూడవనాడు తనకా వేష మక్కఱలేదని పండితులవారితో చెప్పివేసెను. కారణము అందఱకును తెలిసినదే. పై తరగతివారు కొందఱు అతనిని "అమ్మాయిగారూ" అని పిలువ నారంభించిరి. ఇంటిలోగూడ నెవరో నవ్విరట. చంద్రమతి లేనిదే హరిశ్చంద్ర లేదు. కనుక మేము బండి యెక్కునాటికి మా నాటకము సగము చచ్చియే యుండెను.

మొదటి దినము కొండపల్లి. అచ్చటి బొమ్మలకు వాడు తెల్లపొణికి కఱ్ఱ చేతికి బెండువలె తేలికగా తోచును. ఒక్కొక్క యవయవమును వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అదికి, పిమ్మట రంగులు వేయుదురు. తాడిచెట్టెక్కు గీతకాని బొమ్మను మాలో పదిమంది కొనిరి. ఇంతకుమించి ఆ దినమున విశేషము లేదు. ఎండ మాత్రము మెండు.

రెండవ, మూడవ దినములు కూచిపూడిలో గడచినవి. కృష్ణామండలములోని యీ చిన్న గ్రామమును గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. ఉదయమున మాచే అడుగులు వేయించిరి. మోకాళ్ళు ప్రక్కలకు వంచి సగము కూర్చున్నట్లు నిలుచుట చూచుటకు సులభము. పది నిమిషములలో మా తొడలు వణకజొచ్చినవి. మాతోపాటు నేర్చుకొనుచున్న యెనిమిదేండ్ల బాలిక మమ్ము చూచి నవ్వు నాపుకొనలేకపోయెను. ఒకప్పుడు మగవారికే పరిమితమైన యీ విద్యను నేడు బాలికలే యెక్కువగా నభ్యసించుచుండుట మాకు వింతగా తోచెను.

సాయంకాలము ఒక వృద్ధాచార్యులవారు మాకు భామాకలాపమును గూర్చి చెప్పిరి. తల పండినది, పంచె, ఉత్తరీయము తప్ప వేషమేమియు లేదు. మాలో ఇద్దఱిని పిలిచి తమ యుత్తరీయమునే తెరగా పట్టుకొనుడనిరి. సత్యభామ తెర వెనుకనుండి తన జడను తెరమీదికి విసరునట. తన విద్యకు ఎదురు నిలువగలవారున్న వచ్చి యీ జడను కోయవచ్చునని దాని యర్థము. ఆయన చేతిలో జడ లేదు. కాని ఆ ముంజేయి విసరిన విసరునకు తెర పట్టుకొన్న మా యిద్దఱును నిజముగనే ఒక యడుగు వెనుకకు వేసిరి! మెడ త్రిప్పి తెరమీదుగా చూచిన ఆ చూపులో ముదుసలి లేడు. పిదప ఆయన దగ్గుచు కుర్చీలో కూర్చుండగా మరల ముదుసలి వచ్చెను.

ఆ గ్రామమున భాగవతుల యింట పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున నొక్కమాఱైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి కట్టడి చేసినట్లు ఆచార్యులవారు తెలిపిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారిని స్మరించిరి. ఆయన సత్యభామగా, ఉషగా, మోహినిగా జీవితమెల్ల రంగస్థలమున వెలిగి, 1970లో పద్మశ్రీ బిరుదమంది, 2012లో దివంగతులైరి.

అప్పుడు మా మిత్రుడు లేచెను. రెండు దినములుగా అతడెవరితోను మాటలాడలేదు. "ఆడువేషము కట్టినందుకు ఎవరును నవ్వలేదా అండీ?" అని యడిగెను.

ఆచార్యులవారు అతనిని కొంతసేపు చూచి, "ఎందుకు నవ్వరు నాయనా? వేషం సగమే కట్టిననాడు నవ్వుతారు. పూర్తిగా కట్టావనుకో, నవ్వడానికి నువ్వక్కడ కనబడితే గదా!" అనిరి. మిత్రుడు కూర్చుండెను. మేమతనితో ఆ ప్రసంగమెత్తలేదు. ఎత్తవలదని పండితులవారు కనుసన్న చేసిరి.

నాలుగవ దినమున పెడన పట్టణములో కలంకారీ అద్దకము చూచితిమి. కలముతో వ్రాయుట శ్రీకాళహస్తి పద్ధతి. ఇచ్చట చెక్క అచ్చులతో అద్దుదురు. కరక్కాయ రసమునను పాలలోను తడిపిన గుడ్డపై, ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి తీసిన నీటితో అద్దినచో నలుపు తేలును. పటికనీరద్దిన చోట మొదట దాదాపుగా ఏమియు కనబడదు. గుడ్డను రంగునీట కాచిన పిదపనే అచ్చట ఎఱుపు పుట్టును. ఆ కాగు నొద్దనుండి మా చిత్రలేఖనోపాధ్యాయులవారిని కదల్చుట కష్టమయ్యెను.

ఆ రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరితిమి. 1951లో ప్రజలకు తెఱవబడిన సాలార్‌జంగ్ మ్యూజియమును ఒక దినములో చూచుట సాధ్యము గాదు. చూడబూనుటయు మంచిది కాదని మా యభిప్రాయము, ఏలయన సాయంత్రమునకు కత్తులు, గడియారములు, పింగాణీ పాత్రలు మనస్సులో కలగాపులగమగును. ఒక్కటి మాత్రము చెదరలేదు. ఒకే మ్రానిలో ముందు పురుషుడును, వెనుక తలవంచిన స్త్రీయు చెక్కబడిన విగ్రహమది. పురుషుడు మెఫిస్టోఫిలిసు, స్త్రీ మార్గరెట్టా. వెనుకనున్న యద్దములో ఆమె రూపము కనబడును. మా మిత్రుడు అటునిటు రెండు మూడు మాఱులు తిరిగి చూచుట మేము గమనింపకపోలేదు.

కడపటి రెండు దినములు సురభివారివి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమాడించుటతో ఈ కుటుంబ రంగస్థలము మొదలయ్యెను. అంతకుముందు వారు తోలుబొమ్మలాడించిన వారు. అన్యత్ర పురుషులే స్త్రీ వేషములు కట్టు కాలమున వీరి యింటి స్త్రీలు రంగమెక్కిరి. నేడు పలు కుటుంబములు లింగంపల్లి చెంత సురభి కాలనీలో నివసించుచున్నవి. ఈ కళకై 2013లో పద్మశ్రీ నందిన నాగేశ్వరరావుగారు 2022లో గతించిరి.

పగలు మమ్ము తెరల వెనుకకు పోనిచ్చిరి. చుట్టిన తెరలమీద రాజమందిరము, అడవి, వీధి. పైన కప్పీలు, తీగెలు. ఎచ్చట చూచినను త్రాళ్ళు. రాత్రి మాయాబజారు చూచితిమి. నారదుడు మేఘములనుండి దిగెను. లడ్డూలు తమంత తామెగిరి ఘటోత్కచుని నోట పడెను. త్రాళ్ళను పగలు చేతితో తాకి చూచిన మేమే, రాత్రి వాని యునికిని మఱచితిమి. అయినను కుర్చీలలో పెక్కు ఖాళీగా నుండుట మాకు బాధ గలిగించెను. ఒకప్పటి యనేక సమాజములలో నేడు మిగిలినవి వ్రేళ్ళ లెక్కకు వచ్చునట్టివే. పిల్లలు చదువుకొని ఉద్యోగములకు పోవుచున్నారు. పోవలదని యెవరు చెప్పగలరు?

నాటకానంతరము ఒక వృద్ధనటి మాతో మాటలాడిరి. పసిబిడ్డగా తల్లి చేతిలో రంగమెక్కి, బాల్యమున కృష్ణుని వేషము కట్టినవారట. మగవేషము కట్టునపుడు సిగ్గు కలుగలేదాయని మా మిత్రుడడిగెను.

ఆమె పకపక నవ్విరి. "సిగ్గుపడ్డానికి తీరికెక్కడిది బాబూ? కృష్ణుడి కిరీటం తీసి పక్కన పెట్టి, పరుగున పోయి తాడు పట్టుకోవాలి. లేకపోతే ఘటోత్కచుడు ఆకాశంలోనే ఉండిపోతాడు!"

తిరుగు ప్రయాణమున బండి కృష్ణ వంతెన దాటువేళకు ఇంకను తెల్లవాఱలేదు. పై బల్లమీదనుండి సన్నని రాగము వినవచ్చెను. మా మిత్రుడు పండితులవారి పుస్తకము నడిగి తీసికొని, కాటి సీనులోని చంద్రమతి పద్యమును లోగొంతున పాడుకొనుచుండెను. రెండవ పాదమున శ్రుతి తప్పగా ఆపి మరల మొదలుపెట్టెను. పండితులవారు కన్నులు మూసికొనియే వ్రేలితో తాళము వేయుచుండిరి.

నాటకము ఫిబ్రవరిలో జరుగును. పాత్రలన్నియు పంచబడినవి. తెర త్రాళ్ళు లాగుటకు మాలో నలువురము పేర్లిచ్చితిమి.