బేస్‌మెంట్‌లో తెల్లగొట్టం

ఎక్స్‌టన్‌లో మేం కొనాలనుకున్న ఇంటిని చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కప్పు, కరెంటు, ఫర్నేసు అన్నీ ముగించి చివరికి బేస్‌మెంట్‌లోకి దిగాడు. అక్కడ ఒక మూల కాంక్రీటు నేలలోంచి తెల్లటి పీవీసీ గొట్టం పైకి వచ్చి, సీలింగు వెంబడే వెళ్ళి గోడలో మాయమైంది. డ్రైనేజీది కాబోలు అనుకున్నాను. ఆయన దానికి చెవి ఆనించి విన్నాడు.

"ఇది నీళ్ళది కాదు, గాలిది. కానీ పనిచెయ్యట్లేదు."

గొట్టానికి యూ ఆకారంలో సన్నటి ట్యూబు ఒకటి బిగించి ఉంది. అందులో ఎర్రటి ద్రవం, రెండువైపులా ఒకే ఎత్తులో. సమానంగా ఉండటం మంచిదే కదా అనిపించింది నాకు. కాదట. ఫ్యాను తిరుగుతూ గాలిని లాగుతుంటే ద్రవం ఒకవైపు పైకి లేవాలి. గొట్టం వెంబడే గరాజ్ మీది అటక దాకా వెళ్ళాం. ఫ్యాను ఉంది, స్విచ్చి ఆపేసి ఉంది. ఎప్పుడు పెట్టారో, ఎందుకు ఆపారో చెప్పే చీటీ ఒక్కటీ లేదు. అమ్మేవాళ్ళు నింపిన ఫారంలో రేడాన్ అన్నచోట "తెలియదు" అని టిక్కు.

రేడాన్‌కి రంగూ వాసనా లేవు. నేలలోని యురేనియం క్షీణించే వరసలో రేడియం, దాన్నుంచి ఈ వాయువు పుడతాయి. పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి చేరుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సిగరెట్ల తర్వాత పెద్ద కారణం ఇదే. పెన్సిల్వేనియాలో ఈ కథ బాగా పాతది. 1984 డిసెంబర్‌లో, లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అలారాలు మోగించాడు. ఆ కేంద్రం ఇంకా కరెంటు అమ్మడం మొదలుపెట్టనేలేదు. ఆయన రేడియేషన్‌ని ఇంటినుంచి మోసుకొస్తున్నాడని తేలింది. లీటరు గాలిలో 4 పికోక్యూరీలుంటేనే సరిచేసుకోమంటారు. ఆ ఇంట్లో ఉన్నది సుమారు 2,700.

మా కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కాబట్టి అమ్మకి ఆ మాట కొత్త కాదు. వీడియో కాల్‌లో చెబితే ఆశ్చర్యపోయింది. "మనకాడ గని తవ్వితే గదరా వచ్చేది? మీకు ఇంట్లోకే వస్తాదా?"

ఏజెంటు ద్వారా అడిగిస్తే, ఇల్లమ్మే పెద్దావిడ రెండు మాటలు చెప్పి పంపింది. గొట్టం వాళ్ళాయన పెట్టించాడు. ఆయన పోయాక, పడగ్గది గోడవతల రాత్రంతా గుయ్యిమంటుంటే నిద్రపట్టక ఆపేసింది. అది దేనికో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఆ ఫారంలో ఆవిడ అబద్ధమేమీ రాయలేదు.

కిటికీలు మూసి నలభై ఎనిమిది గంటలు పరీక్ష పెట్టాం. 11.6 వచ్చింది. ధర తగ్గించమందాం అన్నాడు ఏజెంటు. నాకు మాత్రం పోయినేడు గుర్తొచ్చింది. అద్దె టౌన్‌హౌస్‌లో ఉన్నప్పుడు అమ్మ ఆర్నెల్లు బేస్‌మెంట్ గదిలోనే పడుకుంది. "కింద సద్దులేకుండా ఉంటాది" అని తనే ఎంచుకుంది. దీపం కూడా అక్కడే పెట్టుకునేది. అక్కడ ఏ గొట్టమూ లేదు. గొట్టం లేదంటే రేడాన్ లేదని కాదు, ఎవరూ కొలవలేదని. నేను అద్దె ఎంతో అడిగాను, స్కూలు రేటింగు అడిగాను. అమ్మ పీల్చే గాలి సంగతి అడగాలని తోచలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్న తెలుగువాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళత్తగారు వచ్చి ఉన్నారట, కింద గదిలోనే. "చూస్తాంలెండి" అన్నారు. ఒక టెస్ట్ కిట్ కొని వాళ్ళ గుమ్మం దగ్గర పెట్టొచ్చాను. ఫలితం ఇంకా చెప్పలేదు. మళ్ళీ అడుగుతాను.

ఇల్లు కొన్నాం. కొత్త ఫ్యాను పెట్టించి మళ్ళీ కొలిస్తే 1.1. ఇప్పుడు ట్యూబులో ద్రవం ఎగుడుదిగుడుగా ఉంది, పొద్దున్నే కిందికెళ్ళి ఓసారి చూసుకుంటాను. గొట్టం మీద తేదీ, రెండు అంకెలు, అది ఎందుకుందో ఇంగ్లీషులో రాసి అంటించాను, మా తర్వాత వచ్చేవాళ్ళ కోసం.

అమ్మ వచ్చే నెల వస్తోంది. ఎక్కడ ఏది ఊరికే తిరుగుతున్నా ఆపేసే అలవాటు తనది. అందుకే స్విచ్చి పక్కన ఇంకో చీటీ, తెలుగులో, పెద్దక్షరాలతో: "అమ్మా, ఇది ఊరికే తిరగట్లేదు. ఆపొద్దు."